గాజు గొట్టానికి సరిపడా చలి

మా కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్‌కీ బాటనీ ల్యాబ్‌కీ మధ్య గోడ ఉంది. ఆ గోడకో తలుపుంది, ఆ తలుపుకి గడియ లేదు. జ్యోత్స్న సంగతులన్నీ నాకు తెలియడానికి అంతకన్నా పెద్ద కారణం లేదు. ఆ అమ్మాయి కెమిస్ట్రీ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్, నేను బాటనీ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ని. కాలేజీ పేరు చెప్పను. కొత్తగూడెం దాటి అడవి వైపు వచ్చే దారిలో ఉంటుంది, అంతే. పేరు చెప్పి ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకునేంత ధైర్యం నాకు లేదు.

జ్యోత్స్నది చండ్రుగొండ పక్కన ఒక తండా. నాన్న బలరాం పత్తి, మిర్చి వేస్తాడు. అయిదో తరగతి నుంచి గురుకుల హాస్టల్లో పెరిగిన పిల్ల. ముప్ఫై దాటినా ఆ అలవాట్లు పోలేదు. అన్నం ఎవరో తరుముతున్నట్టు తింటుంది. పెళ్ళి భోజనంలో కూడా తిన్న విస్తరి తనే తీసుకెళ్ళి పారేసి వస్తుంది. ప్రిన్సిపాల్ కారిడార్లో దగ్గితే చాలు, కుర్చీలోంచి లేచి నిలబడుతుంది. "ఆయన దగ్గాడు, పిలవలేదు, కూర్చో" అని నేను ఎన్నిసార్లు కసిరానో. నవ్వుతుంది, మళ్ళీ లేస్తుంది.

ఆ పిల్లని హాస్టల్‌కి దింపిందీ సెలవులకి తీసుకొచ్చిందీ నాన్న కాదు, చిన్నాన్న హీరాలాల్. ఆమె 'కాకా' అంటుంది. హీరాలాల్ గోపాలమిత్ర. అంటే ఊరూరా బండి మీద తిరిగి, ఎదకొచ్చిన ఆవులకీ బర్రెలకీ మేలుజాతి పోతుల వీర్యం ఎక్కించే మనిషి. ఆ వీర్యం సన్నటి స్ట్రాల్లో ఉంటుంది. ఆ స్ట్రాలు లిక్విడ్ నైట్రోజన్ పోసిన అల్యూమినియం క్యాన్‌లో మునిగి ఉండాలి. నైట్రోజన్ తగ్గితే అవి చస్తాయి. చచ్చిన స్ట్రాకీ బతికున్న స్ట్రాకీ పైకి ఏ తేడా కనబడదు. క్యాన్ బండి వెనక కట్టి, పిల్లని ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడట. మూత తీస్తే వచ్చే తెల్లటి పొగ చూసి లోపలేముందని అడిగితే, "చలి, బిడ్డా. ఒట్టి చలి" అనేవాడట. ఆయనకి పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఉన్న మురిపెమంతా ఈ పిల్ల మీదే.

జ్యోత్స్న ఉద్యోగం చేస్తూనే ఒక యూనివర్సిటీలో పిహెచ్‌డీకి చేరింది. సరదాకి కాదు. పిహెచ్‌డీ లేని కాంట్రాక్టు వాళ్ళని ఇక కొనసాగించేది లేదని మా మేనేజ్‌మెంటు చెప్పేసింది. నాకది అంతకు ముందే ఉంది, అయినా నా జీతం మీకు చెబితే జాలిపడతారు. ఆమెకి మాత్రం ఆ పట్టా ఒక్కటే దారి. జనవరి నెలాఖరుకి గడువు ముగుస్తుంది. ఇంతకు ముందే రెండుసార్లు పొడిగించారు, ఇక పొడిగించరు.

ఆమె చేసిన పని చెబుతాను, కష్టమేం కాదు, నాకే అర్థమైంది. మన అడవిలో తపసి చెట్టుకి గాటు పెడితే బంక కారుతుంది, కోయవాళ్ళు ఏరి అమ్ముతారు. ఆ బంకని ఇంకో పదార్థంతో కలిపి, గాజు పలక మీద పోసి ఆరబెట్టి, ఉల్లిపొర లాంటి పల్చటి పొర చేసింది. ఇప్పపువ్వు పులియబెట్టి కాచిన సారాని ఆ పొరకి ఒక పక్క పోస్తుంది. రెండో పక్క నుంచి పంపు గాలినంతా లాగేస్తుంది. సారాలో ఉన్న నీళ్ళు ఆవిరై పొరలోంచి ఇవతలకి రావాలి, సారా అవతలే ఉండిపోవాలి. అలా నీళ్ళు పిండేసిన సారా బండ్లకి ఇంధనంగా పనికొస్తుంది. అడవి పువ్వు, అడవి బంక, అడవి పిల్ల. ఈ మూడూ కలిపి యూనివర్సిటీలో ఆమె గైడు సారు ఎన్ని మీటింగుల్లో మాట్లాడాడో లెక్కలేదు.

ఇందులో అసలు తిరకాసు ఆవిరిని పట్టుకోవడంలో ఉంది. పొర దాటి వచ్చిన ఆవిరిలో నీళ్ళెంత, సారా ఎంత అని చూస్తేనే పొర మంచిదో కాదో తెలిసేది. ఆ ఆవిరిని పంపు మింగేలోపు దారిలో ఒక గాజు గొట్టంలో గడ్డకట్టించాలి. గొట్టాన్ని చలిలో ముంచి ఉంచాలి. ఎంత చలిలో అన్నదే ప్రశ్న. ఐసులో దొడ్డుప్పు కలిపితే వచ్చే చలి ఒకటి. డ్రై ఐస్‌ది దానికన్నా చాలా లోతైన చలి. లిక్విడ్ నైట్రోజన్‌ది అన్నిటికన్నా లోతు.

గైడు సారు ఐసూ ఉప్పూ చాలన్నాడు. ల్యాబ్‌కి డబ్బులివ్వని వాళ్ళకి ఎప్పుడూ తక్కువది చాలనిపిస్తుంది. అందుకని మూడేళ్ళపాటు జ్యోత్స్న పొద్దున్నే చేపల మార్కెట్‌కి వెళ్ళి, బస్తాలో ఐసు దిమ్మ కొట్టించుకుని స్కూటీ కాళ్ళ దగ్గర పెట్టుకుని వచ్చేది. ల్యాబంతా చేపల వాసన. క్లాసుకి వచ్చిన పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్ళు.

"నీ దగ్గర సారా వాసన రావాలి గానీ చేపల వాసనేంటే, జ్యోత్స్నా" అనేదాన్ని.

"సారా వాసనొస్తే పొర చెడిపోయినట్టు అక్కా. గొట్టంల ఒట్టి నీళ్ళే రావాలె."

ఒట్టి నీళ్ళే వచ్చేవి. దాదాపు మచ్చలేని నీళ్ళు. పొర అద్భుతంగా పనిచేస్తోందని ఒక సైన్సు పత్రికలో వ్యాసం వేసుకున్నారు. న్యూస్‌పేపర్ జిల్లా ఎడిషన్లో ఆమె ఫోటో పడింది. హీరాలాల్ ఆ ముక్కని కత్తిరించి ప్లాస్టిక్ అతికించి జేబులో పెట్టుకు తిరిగేవాడు. బర్రె దగ్గరికి పిలిచిన ప్రతి ఇంట్లోనూ ముందు అది చూపించి తర్వాత చెయ్యి కడుక్కునేవాడు.

దసరా అయిపోయాక థీసిస్ తిరిగొచ్చింది. దాన్ని దిద్దిన ముగ్గురిలో ఇద్దరు బాగుందన్నారు. మూడో ఆయన ఎవరో నాకు తెలీదు, మంచివాడే అయి ఉంటాడు, ఆయన్ని నేను తిట్టుకోని రోజు లేదు. ఆయన అడిగింది ఒకటే. పొర అవతల తగ్గిన బరువుకీ గొట్టంలో దొరికిన బరువుకీ పొంతన లేదు, ఆ తేడా ఎక్కడికి పోయింది? ఐసూ ఉప్పూ చలికి నీళ్ళు గడ్డకడతాయి గానీ, పంపు లాగుతుండగా సారా ఆవిరి ఆగుతుందా? డ్రై ఐస్‌తో గానీ నైట్రోజన్‌తో గానీ కొలతలు మళ్ళీ చేసి పంపితేనే ఒప్పుకుంటానన్నాడు.

ఆ తేడా జ్యోత్స్నకి ముందే కనబడింది. మొదటి ఏడే గైడుని అడిగింది. విప్పేటప్పుడూ తూచేటప్పుడూ కొంచెం ఆరిపోతుంది, మామూలే అన్నాడాయన. పెద్దాయన మామూలే అంటే లేచి నిలబడే పిల్ల మారుమాట ఏమంటుంది.

డ్రై ఐస్ హైదరాబాద్‌లో దొరుకుతుంది. థర్మాకోల్ పెట్టెలో పెట్టించి బస్సు పార్సిల్లో వేయించింది. శనివారం బయల్దేరిన పెట్టె ఆదివారం ఎక్కడో గోదాములో పడుకుని సోమవారం మా ఊరు చేరింది. ఇద్దరం వెళ్ళి తెచ్చాం. ఎత్తగానే తెలిసిపోయింది. పెట్టె పెట్టెగానే ఉంది, లోపల అది చుట్టిన కాగితం ఉంది, డ్రై ఐస్ లేదు. అది కరిగి నీళ్ళు కూడా అవదు, నేరుగా గాలిలో కలిసిపోతుంది. దస్కత్ పెట్టించుకున్న కుర్రాడు "మేడం, ఖాళీ పెట్టెకి ఇంత ప్యాకింగ్ ఎందుకు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. జ్యోత్స్నకి రాలేదు. తనే వెళ్ళి తెచ్చుకుందామంటే ఒక్కో విడతకి రెండు రోజుల సెలవు కావాలి, కాంట్రాక్టు వాళ్ళకి సెలవులెవరిస్తారు.

నైట్రోజన్ మాట నేనే ఎత్తేదాన్నేమో గానీ ఆ అవసరం రాలేదు. ఆ సోమవారమే హీరాలాల్ ఫోన్ చేసి పని ఎంతవరకు వచ్చిందని అడిగాడు. అబద్ధం చెప్పడం అప్పటికింకా రాదు కాబట్టి ఈ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. సాయంత్రానికి ఆయన క్యాన్‌తో మా కాలేజీ గేటు దగ్గర ఉన్నాడు.

నేను ఆయన్ని చూడటం అదే మొదలు. పొట్టి మనిషి, చెవుల మీదుగా తువ్వాలు కట్టుకుని ఉన్నాడు. క్యాన్‌ని పసిపిల్లని దింపినట్టు రెండు చేతులతో దింపాడు.

"ఎంత గావాలె బిడ్డా?"

"కాకా, ఇప్పుడు చలికాలం. బర్రెలన్నీ ఎదకొచ్చే కాలం. నీ స్ట్రాలు?"

"గింత ఇస్తే అవి సావయిలే. బేస్తారం వ్యాన్ వస్తది, మళ్ల నింపుకుంట. నీ పనికి ఎంత గావాలెనో చెప్పు."

గొట్టం ముంచే ఫ్లాస్కులోకి ఎంత పడుతుందో అంత చెప్పింది. అక్కడే పొరబాటు జరిగింది. చల్లారని గాజులో నైట్రోజన్ పోస్తే అది సలసలా మరిగి, గాజు చల్లబడేదాకా పోసిందంతా పొగై పోతుంది. ఫ్లాస్కు నిండటానికి అంతకి రెట్టింపు తాగింది. ఇక ప్రయోగం సాగుతున్నంతసేపూ అది తరుగుతూనే ఉంటుంది, పోస్తూనే ఉండాలి. పైగా గొట్టానికి ఎక్కడ చిన్న కంత ఉన్నా బయటి గాలే లోపల ద్రవంగా మారి, తర్వాత పేలుతుందట. జ్యోత్స్న ప్రతి అతుకుకీ గ్రీజు రాసి, మొహానికి హెల్మెట్ పెట్టుకుని కూర్చుంది. మొదటి రోజు సగంలోనే నైట్రోజన్ అయిపోయి కొలత దండగైంది.

హీరాలాల్ మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పోశాడు, అదీ చాలలేదు. బేస్తవారం వ్యాన్ రాలేదు. పాడైందన్నారట. వచ్చే వారం వస్తుందన్నారట. ఆయన మూడోసారి కూడా వచ్చి పోశాడు.

"వ్యాన్ వచ్చిందా కాకా?" అని జ్యోత్స్న అడిగింది.

"వస్తది. నువ్వు గివన్ని మనసుల పెట్టుకోకు. చూడు, కట్టె పెట్టి చూసిన, తెల్లగ పట్టింది."

నైట్రోజన్ ఎంతుందో చూడటానికి వాళ్ళు క్యాన్‌లోకి ఒక కట్టెపుల్ల దించుతారు. ద్రవం తాకినంత మేరా పైకి తీశాక తెల్లటి మంచు పడుతుంది. ఆ మంచు ఎత్తే లెక్క. ఆయన చూపించిన పుల్ల కొసన తెల్లగానే ఉంది. నైట్రోజన్ అయిపోయినా క్యాన్ ఇంకా చల్లగా ఉంటే ఉత్త చలికే అంత తెలుపు పడుతుందని ఆయనకి తెలీదనుకోను. ఇరవై ఏళ్ళుగా ఆ పుల్లే చూస్తున్నాడు. ఆ రోజు మాత్రం తెల్లగా కనబడాలని చూశాడు, తెల్లగా కనబడింది.

ఆ మూడోసారి కొలత కుదిరింది. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం పంపు ఆపింది. గొట్టం బయటికి తీసి, మూత బిగించి, తూకం వేసింది. అవతల తగ్గిన బరువూ గొట్టంలో దొరికిన బరువూ మొదటిసారి సరిపోయాయి. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. నన్ను గోడ అవతల నుంచి కేకేసింది. నేను చాక్‌పీసు చేత్తోనే వెళ్ళాను.

గొట్టంలో గడ్డ మెల్లగా కరుగుతోంది. కరిగాక మూత తీసింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను, అయినా వాసన తగిలింది. సారా వాసన. మా అమ్మమ్మగారి ఊరు వేంసూరులో తాగి వచ్చిన పాలేరు గుమ్మంలో నిలబడితే వచ్చేదే, ఇంకొంచెం సాఫుగా.

జ్యోత్స్న గొట్టాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి పీల్చింది. తర్వాత ఒక బొట్టు పరికరం మీద వేసి సారా పాలు ఎంతో చూసింది. ఇంకో బొట్టు వేసి మళ్ళీ చూసింది. స్టూలు మీద కూర్చుంది.

నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. పొర నీళ్ళతో పాటు సారానీ వదిలేస్తోంది. మొదటి నుంచీ వదిలేస్తూనే ఉంది. ఐసూ ఉప్పూ చలికి నీళ్ళు ఆగేవి, సారా ఆవిరి ఆగకుండా పంపులోకి పోయేది. గొట్టంలో ఒట్టి నీళ్ళు చూసి వీళ్ళు పొర గొప్పదనుకున్నారు. మూడేళ్ళూ పొరని కాదు, చలి చాలని గొట్టాన్ని మెచ్చుకున్నారు. తపసి బంక పొర ఏ పనికీ రాని మామూలు పొర.

మిగిలిన నైట్రోజన్‌తో ఇంకో పొర మీద చూసింది. అదే వాసన, అదే అంకె. ఏడుస్తుందేమో, పట్టుకుందామని పక్కనే నిలబడ్డాను. ఏడవలేదు. గాజుసామాను కడగడం మొదలుపెట్టింది, హాస్టల్లో కంచం కడిగినట్టు, గబగబా.

గైడు సారుతో ఫోన్లో మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను. స్పీకర్ పెట్టింది, ఒంటరిగా వినే ధైర్యం లేక.

"కొత్త అంకెలు రాయకమ్మా" అన్నాడాయన. చాలా మెత్తగా అన్నాడు. "నైట్రోజన్‌తో మళ్ళీ చేశాం, పాత ఫలితాలే వచ్చాయి అని ఒక్క వాక్యం రాసి పంపు. నేను సంతకం పెడతాను. ఆయన వచ్చి చూస్తాడా ఏంటి."

"సార్, అట్ల రాలే సార్."

"వచ్చిందో రాలేదో నువ్వు రాస్తేనే కదా తెలిసేది. నీ భవిష్యత్తు గురించి చెబుతున్నా. ఇప్పుడు కొత్త పొర చేసి కొత్త పని మొదలుపెట్టే టైం లేదు, నీకు తెలుసు. పైగా ఆ వ్యాసంలో నా పేరు కూడా ఉంది."

ఫోన్ పెట్టేశాక నేను కూడా అదే చెప్పాను. మీరు నన్నేమనుకున్నా సరే. "రాసెయ్. దేశంలో ఎన్ని పిహెచ్‌డీలు ఇలా కాలేదు? ఒక్క వాక్యం. ఎవరి ప్రాణం పోతుంది?"

"కాకా ఇచ్చిన చలితోటి చేసిన కొలత అక్కా. దాన్ని అబద్ధం ఎట్ల చేస్త?"

నాకు ఒళ్ళు మండింది. ఆ మాట చాలా అందంగా ఉంది, అందుకే మండింది. అందమైన మాటలు అన్నం పెట్టవని ఆ పిల్లకి చెప్పాను. అవ్ అక్కా అంది. అని, వచ్చిన అంకెలు వచ్చినట్టు రాసి పంపింది. గైడు సంతకం పెట్టలేదు. ఫోన్ ఎత్తడం కూడా మానేశాడు. జనవరి నెలాఖరు రానే వచ్చింది, పోయింది. యూనివర్సిటీ నుంచి రిజిస్ట్రేషన్ రద్దయిందని మెయిల్ వచ్చింది. అందులో ఆమె పేరు కూడా తప్పు రాశారు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏప్రిల్ దాకా ఉద్యోగం ఉంటుంది, అప్పటికి చూద్దాంలే అంది. నేను సరేనన్నాను. చూడటానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

ఈలోపు తండాలో బర్రెలు మళ్ళీ ఎదకి రావడం మొదలైంది. హీరాలాల్ వేసిన స్ట్రాల్లో ఒక్కదానికీ చూలు నిలవలేదు. ఒక బర్రెకి నిలవకపోతే బర్రెని అంటారు, రెండిటికి నిలవకపోతే మేతని అంటారు. అన్నిటికీ నిలవకపోతే మనిషిని అంటారు. మొదట ఆయన కూడా నమ్మక మళ్ళీ వేశాడు, అదే చచ్చిన క్యాన్‌లోంచి. వ్యాన్ వచ్చి నైట్రోజన్ నింపింది గానీ, చచ్చినవాటిని నింపితే బతుకుతాయా. అలా చలికాలం చివరికొచ్చింది. ఎండలు ముదిరితే బర్రెలు ఎదకి రావు. ఒక ఈత పోయింది, దాంతో ఏడాది పాడీ పోయింది. పక్క ఊళ్ళ వాళ్ళు ఆయన్ని పిలవడం మానేశారు. పై ఆఫీసు వాళ్ళు వచ్చి క్యాన్ తీసుకెళ్ళిపోయారు.

తండా పెద్ద నాయక్ ఇంటి ముందు పంచాయితీ పెట్టారు. జ్యోత్స్నకి కబురొచ్చింది. ఒక్కదాన్నే పోలేనక్కా అంటే నా స్కూటీ మీదే తీసుకెళ్ళాను.  తండాలోకి మలుపు తిరిగేటప్పుడు వెనక నుంచి, "చెప్పేస్త అక్కా. అన్నీ చెప్పేస్త" అంది.

వేపచెట్టు కింద మగవాళ్ళు నులక మంచాల మీద, ఆడవాళ్ళు అరుగు మీద కూర్చున్నారు. మధ్యలో నేల మీద హీరాలాల్. తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నాయక్ మంగీలాల్ ముసలాయన, మాట నిదానం. వాళ్ళలో వాళ్ళు లంబాడీలో గట్టిగానే అనుకుంటున్నారు. నన్ను చూసి తెలుగులోకి మారారు. పరాయి మనిషి ముందు దాచుకోకుండా మాట్లాడటం మర్యాద అనుకుంటారు కాబోలు. ఆ మర్యాద వద్దని మొక్కాలనిపించింది.

అందరికన్నా కోపంగా ఉన్నది సోమ్లి. మొగుడు లేడు, ఉన్నది ఒకే బర్రె. ఆ పాలే ఆమెకి ఉప్పూ పప్పూ.

"ఏం జేసినవ్ రా హీరా? తాగినవా? క్యాన్ అమ్ముకున్నవా? చెప్పు. నా బర్రె వచ్చే ఏడంత ఉత్తగ నిలబడి తింటది. నేనేం తినాలె?"

 పక్కన జ్యోత్స్న నా చెయ్యి పట్టుకుంది.

"తాగలే వదినా. అమ్ముకోలే" అన్నాడు హీరాలాల్. "క్యాన్‌ల ఉన్నది జ్యోత్స్న చదువుకు ఇచ్చిన. పరీక్షకు గా చలి గావాల్నట. లేకుంటే పట్టా రాదంట. వ్యాన్ వస్తదనుకున్న. రాలే. నాదే తప్పు. ఎంత దండుగ ఏస్తరో ఎయ్యిరి."

 ఒక ముసలామె లంబాడీలో ఏదో గొణిగింది. మంగీలాల్ బీడీ ఆర్పి, చెవి వెనక పెట్టుకున్నాడు.

"చదువుకిచ్చిండట" అన్నాడు అందరివైపూ చూసి. "మన తండాల ఇంతవరకు డాక్టరేటు చదివినోళ్ళు లేరు. ఒక్క పిల్ల చదువుతాంది. దానికి పోయిందనుకుంటే దండుగేంది? హీరా ఒక్కడే ఇచ్చిండా, తండా అంత ఇచ్చింది. ఒక ఏడు పాలు మనం ఇచ్చినం. ఏమంటరు?"

అవ్ అన్నాడొకాయన. ఇంకో ఇద్దరు తలూపారు. అందరూ సోమ్లి వైపు చూశారు. ఆమె జ్యోత్స్ననే చూస్తోంది. కోపం ఎప్పుడు పోయిందో తెలీదు, కళ్ళు తుడుచుకుంటోంది.

"ముందుగాల్నే చెప్తే అయిపోతుండె గదరా" అంది హీరాలాల్‌తో. తర్వాత ఈ పిల్ల వైపు తిరిగి, "అయిందా బిడ్డా మరి? గా చలితోటి నీ పని అయిందా?"

హీరాలాల్ అప్పుడు తలెత్తాడు. ఆయన మొహంలో ఉన్నది చెప్పడం నా వల్ల కాదు. క్యాన్ పోయింది, పని పోయింది, ఇరవై ఏళ్ళ పేరు పోయింది. ఇక ఉన్నదంతా ఈ పిల్ల నోట్లోంచి వచ్చే ఒక్క మాటలో ఉంది.

జ్యోత్స్న చెయ్యి నా చేతిలో చల్లగా అయిపోయింది. గైడు చెప్పినా ఒక్క వాక్యం అబద్ధం రాయలేకపోయిన మనిషి.

"అయింది" అంది. "మంచిగ అయింది, సోమ్లి పెద్దమ్మా."

అరుగు మీద నుంచి ఆడవాళ్ళంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టారు. జ్యోత్స్న నాన్న బలరాం తన పక్కనున్న మనిషి భుజం మీద చెయ్యి వేశాడు. హీరాలాల్ తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. మంగీలాల్ గొంతు సవరించుకుని, పట్టా ఎప్పుడిస్తారని అడిగాడు.

"వచ్చే చలికాలం, తాతా."

"తండా అంత వస్తం" అంది సోమ్లి. "ట్రాక్టర్ కట్టుకొని వస్తం. వేరే ఏడైతే చలికాలం బర్రెలు ఈని ఉంటయి, పాలు పిండుకునుడు ఇడిసిపెట్టి ఇల్లు కదలనియ్యవు. ఈసారి ఒక్క బర్రె గూడ ఈనదు గద. ఎవ్వలకు పనుండదు. అందరం వస్తం బిడ్డా."